గీత పడని నెంబరు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. చర్చిలో కాళ్లు ఊపేదాన్ని. సినిమాకి వెళితే సగంలో లేచి బయటికొచ్చి, ఏదో ఒకటి కొనుక్కుని మళ్లీ లోపలికెళ్లేదాన్ని. నా కాళ్లకి చక్రాలున్నాయనేది మా అమ్మ. అలాంటి నాకు ప్లాట్‌ఫారం చివర రోజంతా నిలబడి రైలింజన్ల నెంబర్లు రాసుకునే మొగుడు దొరికాడు. ఎవరో కట్టబెట్టలేదు, నేనే ఏరుకున్నాను. ఎడ్విన్ డాన్సు బాగా చేసేవాడు. రైళ్ల సంగతి పెళ్లయ్యాక బయటపడింది.

ఇరవై రెండేళ్లపాటు మా ఇంట్లో శనివారమంటే ఎడ్విన్ లేని రోజు. పొద్దున్నే ఫ్లాస్కులో టీ, చీజూ ఊరగాయా పెట్టిన నాలుగు శాండ్‌విచ్‌లూ సంచిలో వేసుకుని స్నేహితుడు గోర్డన్‌తో వెళ్లిపోయేవాడు. సాయంత్రం తిరిగొచ్చాక చేతులు కడుక్కుని అసలు పుస్తకం తీసేవాడు. దేశంలో ఉన్న ఇంజన్లన్నిటి నెంబర్లూ వరసగా అచ్చువేసిన పుస్తకం అది. ఆ రోజు కొత్తగా కంటపడిన నెంబరు కింద చిన్న స్కేలు ఆనించి, ఎర్ర సిరాతో గీత గీసేవాడు. పక్కన సన్నగా తేదీ వేసేవాడు. స్వయంగా తన కళ్లతో చదివిన నెంబరు కిందే గీత పడాలి. పక్కవాడు చెప్పాడని గీస్తే అది దొంగగీత. ఆ మనుషులకి దాని గురించి ఉన్న పట్టింపు పెళ్లాం పుట్టినరోజు గురించి ఉండదు.

నేను చెప్పేది డెబ్బై ఏడులో, రాణిగారి పాతికేళ్ల జూబిలీ వేసవి సంగతి. జూన్‌లో వీధంతా కట్టిన రంగు జెండాలు వానకి తడిసి వెలిసిపోయినా ఎవరూ విప్పలేదు. ఆ ఏడు వసంతం నుంచే ఎడ్విన్ తీరు మారింది. సాయంత్రం రాగానే పుస్తకం తీయడం మానేసి, అలిసిపోయానంటూ పెరట్లోకి వెళ్లి కూర్చునేవాడు. పేపరు చదవడం మానేశాడు, అచ్చు నాసిరకంగా ఉంటోందట. టీ పోసేటప్పుడు కప్పులో వేలు పెట్టేవాడు. నేను వెనక నుంచి చూసి, ఇదెక్కడి మర్యాదని దెప్పేదాన్ని. మెడ పట్టేసినవాడిలా తల ఓ పక్కకి వంచి మాట్లాడేవాడు.

ఎడ్విన్ బడి బస్సు నడిపేవాడు. కొండ మీది పల్లెల నుంచి మా ఊరి బడికి రోజూ నలభై ఒక్క మంది పిల్లలు ఆ బస్సులోనే వచ్చేవారు. నేను అదే బడి వంటశాలలో వడ్డించేదాన్ని. వాళ్లలో ఎవరు క్యారెట్లు వదిలేస్తారో, ఎవరు రెండోసారి పుడ్డింగు అడుగుతారో నాకు తెలుసు. పన్నెండేళ్లలో ఆ బస్సుకి గీరుడు పడలేదని ఎడ్విన్ ఛాతీ విరుచుకునేవాడు. అలాంటిది జూన్‌లో రిడ్లీల పొలం గేటు స్తంభాన్ని రాసుకుపోయాడు. స్తంభమే రోడ్డు మీదికి జరిగిందన్నాడు. ఇల్లంతా నవ్వాం. ఇల్లంతా అంటే మేమిద్దరమే.

నాకు మనసు మనసులో లేదు. నిజం చెప్పాలంటే నేను అనుమానపడింది ఆడమనిషి గురించి. ఇరవై రెండేళ్ల తరవాత, డీజిల్ వాసన కొట్టే నా మొగుణ్ణి ఎవరు కోరుకుంటారని నాకు నేనే చెప్పుకున్నాను, కానీ అనుమానం చెప్పుకుంటే పోయేది కాదు. శనివారాలు నిజంగా రైళ్ల దగ్గరికే వెళుతున్నాడా అని గోర్డన్‌ని వంకరగా అడిగి చూశాను. ఇంకెక్కడికెళతాడమ్మా అని గోర్డన్ తెల్లబోయాడు. ఆయన రిటైరైన పోస్టుమాన్, ముక్కుసూటి మనిషి. అబద్ధం చెప్పాలన్నా రాదు.

ఆ గోర్డనే జూలై మొదట్లో కబురు తెచ్చాడు. ఒక రకం పాత ఇంజన్లు యాభై ఉండేవి. ఎడ్విన్ పుస్తకంలో నలభై తొమ్మిదింటి కింద గీతలు పడ్డాయి. మిగిలిందల్లా మూడు వందల పదిహేడో నెంబరు ఒక్కటే. ఏళ్ల తరబడి వీళ్లు ఒక స్టేషన్లో కాచుకుంటే అది ఇంకో స్టేషన్లోంచి పోయేది. ఆ వేసవితో దాన్ని పాతసామాను కింద ముక్కలుగా కోసేస్తారట. అది ఈ శనివారం మధ్యాహ్నం కెల్‌థోర్ప్ మీదుగా ఉత్తరానికి వెళుతోందని గోర్డన్ చెబుతుంటే, ఎడ్విన్ మొహంలో సంతోషం కోసం చూశాను. కనిపించలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను.

"నేనూ వస్తా."

"నువ్వా? విసుగొచ్చి చస్తావు."

"నా విసుగు నేను పడతాలే."

కెల్‌థోర్ప్‌లో స్టేషనే పెద్దది, ఊరు దాని పక్కన పెట్టిన సంచిలా ఉంటుంది. ప్లాట్‌ఫారం రెండు పట్టాల వరసల మధ్య పొడుగ్గా సాగి వాలుగా ముగుస్తుంది. ఆ చివర పదిమంది మగవాళ్లు ఒకే రకం కోట్లు తొడుక్కుని పొద్దున తొమ్మిదింటికే నిలబడి ఉన్నారు. నన్ను చూసి టోపీలు సర్దుకున్నారు. పదింటికల్లా నేను ఎదురుగోడ ఇటుకలు లెక్కపెట్టడం అయిపోయింది. పదకొండింటికి ఊరు రెండుసార్లు చుట్టొచ్చాను. నిమ్మకాయ కేకు ముక్కలు కొన్నాను, ఉన్న ఒక్క చెప్పుల దుకాణంలో ఏమీ కొనకుండా నాలుగు జతలు తొడిగి చూశాను. తిరిగొచ్చేసరికి అందరూ అలాగే, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నారు. ఏదన్నా బండి వస్తే గోర్డన్ గట్టిగా నెంబరు అరిచేవాడు, ఎడ్విన్ జేబు నోటుబుక్కులో రాసుకునేవాడు. ఆడమనిషి జాడ ఎక్కడా లేదు. పోయిన అనుమానం చోట ఇంకేదో మిగిలిపోయి నన్ను నిలవనివ్వలేదు.

ప్లాట్‌ఫారం రెండో చివర ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అదే కోటు, అదే ఫ్లాస్కు. ఆయనెందుకు ఇటు రాడని గోర్డన్‌ని అడిగాను. గోర్డన్ మొహం బిగుసుకుంది. ఆయన పేరు సెసిల్ అట. యాభై ఎనిమిదిలో ఒక ఇంజను నెంబరు కింద గీత గీశాడట. దాన్ని చూశానన్న రోజున సెసిల్ జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడని తరవాత తేలింది. అప్పటినుంచి ఎవరూ ఆయనతో మాట్లాడలేదు.

"పంతొమ్మిదేళ్లా? ఒక్క గీతకి?" అన్నాను.

"ఒక్కటో, వందో. గీసిన మనిషిని ఇంకేం నమ్ముతావమ్మా ఐవీ?"

నాకు చిర్రెత్తింది. కేకు పొట్లం పట్టుకుని నేరుగా ఆ చివరికి నడిచాను. వెనక అందరూ చూస్తున్నారని తెలుసు, చూడనిమ్మన్నాను. సెసిల్ కేకు ముక్క తీసుకుని ఎంతో పొదుపుగా తిన్నాడు. మీ ఆయన మంచివాడు, అప్పుడప్పుడూ ఇటు తిరిగి తల ఊపుతాడన్నాడు. కాసేపు పట్టాల వంక చూసి, గొంతు తగ్గించాడు.

"నాతో మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి నేను మనుషుల్ని చూస్తుంటానండీ. ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఇంజను వచ్చేటప్పుడు మీరు దాన్ని చూడకండి. మీ ఆయన్ని చూడండి."

ఎందుకని అడిగాను. చేతికంటిన పంచదార దులుపుకుని, థాంక్స్ అన్నాడు.

రెండూ నలభైకి అందరూ పెన్నులు తీశారు. నేను ఎడ్విన్‌కి మూడడుగుల దూరంలో, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. కుడివైపు పట్టాల మీద రాళ్లు మోసే గూడ్సు ఒకటి నెమ్మదిగా పోతోంది. దాని మోతలో ఇంకేదీ సరిగా వినపడటం లేదు. అంతలో గోర్డన్ "అదిగో" అన్నాడు. పదిమందీ ఎడమవైపు తిరిగారు. ఎడ్విన్ కుడివైపు తిరిగాడు. నా వెనకనుంచి ఇంత గాలి కొట్టింది, ప్లాట్‌ఫారం అదిరింది, మగవాళ్లంతా పిల్లల్లా కేకలు పెట్టారు. ఎడ్విన్ మాత్రం రాళ్ల వ్యాగన్ల వంక చూస్తూ, తల పక్కకి వంచి, మొహమంతా నవ్వు పులుముకుని నిలబడ్డాడు.

గోర్డన్ వచ్చి ఆయన భుజం చరిచాడు. "యాభైకి యాభై. ఏమోయ్, ఇక్కడే తియ్యి పుస్తకం. అందరి ముందూ గియ్యాలి."

యాభై పూర్తయినప్పుడు గీత అక్కడికక్కడే, అందరి ముందూ గీయడం వాళ్ల ఆనవాయితీ. ఎడ్విన్ సంచిలోంచి పుస్తకం తీశాడు, స్కేలు తీశాడు. కాసేపు రెండూ చేతుల్లో పట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి, గీత వంకర పోతుంది, ఇంటికెళ్లి తీరిగ్గా గీస్తానన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. పాపం, సంతోషంతో వణుకుతున్నాడనుకున్నారు.

ఇంటికొచ్చాక ఎడ్విన్ స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు మొదలయ్యాక నేను అసలు పుస్తకం తెరిచాను. ఆ పుస్తకం ముట్టుకోవడం నాకదే మొదటిసారి. ఎర్రగీతల పక్కన తేదీలు వెతికాను. అన్నిటికన్నా ఆఖరి తేదీ మార్చి పన్నెండు. ఆ తరవాత ఒక్కటీ లేదు. జేబు నోటుబుక్కులో మాత్రం ప్రతి శనివారం నెంబర్లే. మార్చిలో తిన్నగా ఉన్న వరసలు జూన్‌కి ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. అవి ఆయన చూసిన నెంబర్లు కావు, గోర్డన్ కేకలు. రాసుకున్నాడు గానీ, ఒక్కదాని కిందా గీత గీయలేదు.

పదహారు శనివారాలు నా మొగుడు ఏమీ చూడకుండా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. వారంలో మిగతా రోజులు బస్సు నడిపాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున బల్ల మీద ఆయన పళ్లెం పెట్టాల్సిన చోట పుస్తకం తెరిచి పెట్టాను. పక్కన ఎర్ర పెన్నూ, స్కేలూ. పొయ్యి మీద కెటిల్‌తో నీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"ఏంటిది?" అన్నాడు వేళ్లతో తడిమి.

"మూడు వందల పదిహేడు ఉన్న పేజీ. నిన్న చూశావుగా. గీత గియ్యి."

ఎడ్విన్ స్కేలు తీసుకున్నాడు. బొటనవేలితో పేజీ అంచు వెతుక్కుని, తల పక్కకి వంచి, స్కేలు ఆనించాడు. అది రెండు వరసలు పైన, ఇంకేదో నెంబరు కింద ఆనింది. నేను చెప్పలేదు. పెన్ను మూత తీశాడు. ఆ గీత పడితే రేపు పొద్దున ఏడున్నరకి బస్సు కొండ ఎక్కుతుంది. పడితే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలీదు. కెటిల్ ఈల వేయడం మొదలెట్టింది. రెండు నిమిషాలు ఊరికే కూర్చోలేని నేను, ఆ ఈల చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా కుర్చీలోంచి కదల్లేదు.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"నేను చూడలేదు, ఐవీ."

అప్పుడు లేచి పొయ్యి కట్టేశాను. ఎప్పటినుంచని అడిగాను. మార్చి నుంచి అన్నాడు. మధ్యలో మసక, చుట్టూ బాగానే ఉంటుందట. ఏది చూడాలనుకుంటే అదే మాయమైపోతుందట.

"నీ మొహం వంక చూస్తే నీ చెవులు కనబడతాయి," అన్నాడు.

నవ్వు రావాల్సిన మాటే. నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకు పెళ్లయ్యాక ఎన్నడూ రాలేదు. నాకు అబద్ధం చెప్పావు, బస్సు డిపోకి చెప్పావు, గోర్డన్‌కి చెప్పావు, ఈ అచ్చు పుస్తకానికి మాత్రం చెప్పలేకపోయావా అని అరిచాను. ఆయన నిజంగానే అర్థంకానట్టు మొహం పెట్టాడు. "చూడకుండా ఎలా గీస్తాను?" అన్నాడు. బస్సు సంగతి తనే ఎత్తాడు. పన్నెండేళ్లుగా అదే దారి, ప్రతి మలుపూ కంఠతా వచ్చునన్నాడు. సెలవులకి ఇంకా మూడు వారాలే, ఆ పైన ఏదో ఒకటి చూసుకుందామన్నాడు.

"దారి కంఠతా వచ్చు. సరే. రిడ్లీ కవలలు రేపు పొద్దున రోడ్డు మీద ఎక్కడ నిలబడతారో, అది కూడా కంఠతా వచ్చా?"

ఆ కవలలు ఎక్కడా నిలబడే రకం కాదు. బస్సు కనబడితే ఎదురు పరిగెత్తుకొస్తారు. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. చాలాసేపు స్కేలుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తరవాత, డిపో మేనేజరు ఇంటికి ఫోను కలపమన్నాడు, డయలు మీద అంకెలు కనబడవని. నేను కలిపాను. మాట్లాడింది ఆయనే. రేపటి నుంచి బస్సుకి ఇంకొకర్ని పెట్టుకోండి, నా కళ్లు పోయాయి, ముందే చెప్పనందుకు సిగ్గుపడుతున్నానన్నాడు. ఫోను పెట్టేసి బస్సు తాళాలు జేబులోంచి తీసి పుస్తకం మీద పెట్టాడు. నేను టీ పోశాను. ఆయన కప్పులో వేలు నేనే పెట్టి చూశాను, ఎంతవరకు నిండిందోనని. అప్పుడు ఏడుపొచ్చింది.

డాక్టరు చేసేదేమీ లేదన్నాడు. ఎడ్విన్ ఆ వేసవంతా పెరట్లోనే కూర్చున్నాడు. సెలవులిచ్చేదాకా బడి బస్సు మా వీధి చివర మలుపు తిరిగే మోత వినబడితే ముడుచుకుపోయేవాడు. శనివారాలు ఇంట్లో ఉండిపోతుంటే నాకు పిచ్చెక్కినట్టుండేది. ఉన్న కిటికీలన్నీ రెండేసి సార్లు తుడిచాను. ఆగస్టు ఆఖర్లో నేనే ఫ్లాస్కు నింపి, శాండ్‌విచ్‌లు కట్టి, కోటు ఆయన ఒళ్లో పడేశాను.

కెల్‌థోర్ప్‌లో అందరి ముందూ ఎడ్విన్ తనంతట తానే చెప్పేశాడు. మార్చి నుంచి రాసుకున్నవన్నీ గోర్డన్ కేకలేనని. నేను రెండో చివర ఒంటరిగా ఉన్న సెసిల్ వంక చూశాను.

"గీత గీశావా?" అన్నాడు గోర్డన్.

"ఒక్కటీ గియ్యలేదు."

"అయితే ఇంకేంటి గొడవ," అని గోర్డన్ ఆయన కప్పులో టీ పోశాడు. ఆ తరవాత, చెప్పక తప్పదన్నట్టు చెప్పాడు. మూడు వందల పదిహేడుని గురువారం నాడు కోసేశారట. ఇక దాన్ని ఎవరూ ఎక్కడా చూడలేరు.

ఎడ్విన్ తల ఊపాడు. సంచిలోంచి అసలు పుస్తకం తీసి, అంచు మడిచి ఉంచిన ఆ పేజీ వేళ్లతో వెతికి తెరిచి, ఎర్ర పెన్నుతో సహా నా చేతిలో పెట్టాడు. తెచ్చాడని నాకు తెలీదు.

"ఈ పుస్తకం ఇక నీది. ఆ రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు, కళ్లున్నదానివి. నువ్వు చూశావు, నువ్వు గియ్యి. మనింట్లో యాభై పూర్తవుతాయి."

గోర్డన్ ఆలోచించి, అది న్యాయంగానే ఉందన్నాడు. మిగతావాళ్లు కూడా ఔనన్నారు. అందరూ నా చుట్టూ మూగారు. ఎవరో స్కేలు అందించారు. నలభై తొమ్మిది ఎర్రగీతల మధ్య ఒక్క నెంబరు బోడిగా ఉంది. ఆయన మొహం నా వైపు తిరిగి ఉంది. బహుశా నా చెవులు చూస్తున్నాడు. దాదాపు రెండు నెలల తరవాత ఆ మొహంలో మొదటిసారి ఏదో కోరిక కనిపించింది. చూశానంటే సరిపోయేది. అడిగేవాడు లేడు, తెలిసినవాడు లేడు. రెండో చివర నిలబడ్డ ఒక్కడికి తెలుసు, కానీ ఆయన మాట ఎవరూ వినరు.

"నేను చూడలేదు," అన్నాను.

"అదేంటి? నీ వెనకనుంచే పోయిందిగా."

"పోయింది. నేను దానికి వీపు పెట్టి నిలబడ్డాను. నీ మొహం చూస్తున్నాను."

గోర్డన్ తన బూట్లు చూసుకున్నాడు. ఎడ్విన్ చెయ్యి చాచి నా చేతిలోని పెన్ను తీసుకుని, మూత గట్టిగా నొక్కి, తిరిగి నాకిచ్చాడు. అప్పుడు నవ్వాడు. ఆ రోజు వ్యాగన్ల వంక చూసి నవ్విన నవ్వు కాదది.

"మూడింటి బండి వస్తోంది," అన్నాడు తల పక్కకి వంచి వింటూ. "ఎడమవైపు. కదలకుండా నిలబడు. దీన్నైనా చూడు."

నేను నిలబడ్డాను. బండి వచ్చింది, నెంబరు చూశాను, గోర్డన్ నోరు తెరిచేలోపు గట్టిగా చదివాను.